చిరుతపులి పంటికి ఎలుగుబంటి పేరు

అదొక పెద్ద అడవి. అంత పెద్ద అడవికీ వైద్యుడు ఒక్కడే, వడ్రంగి పిట్ట. ముక్కే అతని ఉలి, ముక్కే అతని సూది.

ఆ అడవిని చిరుతపులి వీరమల్లు ఏలుతుండేవాడు. అక్కడ ఏలికకు ఒకటే పరీక్ష. అడవి నడుమ లోతైన గండి ఉంది. ఏటా వానలు వెలిశాక ఏలిక దాన్ని అందరూ చూస్తుండగా ఒక్క గెంతులో దాటాలి. దాటితే మరో ఏడాది పదవి. దాటకపోతే దిగిపోవాలి. వీరమల్లు ఏటా అవలీలగా దాటేవాడు. గెంతేటప్పుడు పొడుగాటి తోక పడవకు చుక్కానిలా అతని ఒంటిని నిలబెట్టేది.

ఆ ఏడు వానలు ఇంకా పడుతుండగానే కార్యదర్శి తొండ తిమ్మప్ప ఒక కొత్త సంగతి పట్టుకొచ్చాడు. తిమ్మప్ప పట్నంలో వైద్య కళాశాల గోడ మీద పెరిగినవాడు. చెప్పినదానికల్లా తలూపడం అక్కడే అలవాటైంది.

"ఏలినవారూ, మనుషుల ఒంట్లో గొట్టాలకు కూడా గొప్పవాళ్ళ పేర్లున్నాయండి. చెవి లోపలి గొట్టానికి ఒక వైద్యుడి పేరు. ఆడవాళ్ళ గర్భసంచి పక్క గొట్టానికి ఇంకో వైద్యుడి పేరు."

"వాళ్ళేం చేశారని?"

"వాటిని కనిపెట్టారటండి."

"అదేం గొప్ప? నా తోకను నేను కళ్ళు తెరిచిన రోజే కనిపెట్టాను," అన్నాడు వీరమల్లు.

తిమ్మప్ప తలూపాడు.

ఇక్కడ కాస్త ఆగి పాత పేర్ల సంగతి చెప్పుకోవాలి. ఎదుటివాళ్ళ కంటిలోకి దగ్గరగా చూడండి. నల్లగుడ్డులో చిటికెడంత బొమ్మ కనిపిస్తుంది. అది మీరే. పాపాయంత ఉన్నారు గనుక దాన్ని కనుపాప అన్నారు. మోకాలి మీద చెయ్యి వేస్తే బోర్లించిన చిప్పలా తగులుతుంది, అందుకని మోకాలిచిప్ప. వీపు నిమిరితే దారానికి గుచ్చినట్టు తగిలేవి వెన్నుపూసలు. తలకాయ, మెడకాయ, గుండెకాయ అంటూ పెద్దలు ఒంట్లో ఒక తోటే వేశారు. ఆ పేర్లు పెట్టిందెవరో ఎవరికీ తెలియదు. పేరు వినగానే చోటు మాత్రం తెలుస్తుంది.

వీరమల్లుకు నచ్చనిది సరిగ్గా అదే. "పెట్టినవాడెవరో తెలియని పేరు కూడా ఒక పేరేనా?" అన్నాడు.

మర్నాడే సభ పెట్టి ఒళ్ళంతా పంచేశారు. గుండెకు వీరమల్లు పేరు. చెవికి అడవిపంది కోరలయ్య పేరు. పంటికి ఎలుగుబంటి గుబురప్ప పేరు. సభలో కొత్తగా చేరిన రేచుకుక్క ఈలన్నకు తోక దక్కింది. ఏలికకు ఎవరి మీద దయ కలిగితే వాళ్ళ పేరు ఒంట్లో పైకి ఎక్కుతుంది, కోపం వస్తే కిందికి దిగుతుంది. పాత పేరు పలికితే శిక్ష. నొప్పి ఉన్న చోటును వేలు పెట్టి చూపించినా శిక్షే, పెద్దల వైపు వేలు చూపడం మర్యాద కాదు గనుక.

పొరపాటున ఒకసారి "మోకాలిచిప్ప" అన్నందుకు వడ్రంగి పిట్టను గూడు ఖాళీ చేయించి, చిటారుకొమ్మన వానలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత అతను ఆజ్ఞ తప్ప ఒళ్ళు చూడడం మానేశాడు.

ఒకనాడు ముళ్ళపంది సుంకులమ్మ చెవిపోటుతో వచ్చింది. పద్ధతి తెలిసిన మనిషే.

"కోరలయ్య తెగ పోటెత్తుతున్నాడు నాయనా," అంది.

పిట్ట ఆకు నూరి, ఆమె మడమకు కట్టు కట్టాడు.

"ఇదేంటి, కాలికి కడుతున్నావు?"

"మెల్లగా పిన్నీ. కోరలయ్య నిన్న ఏలినవారు మాట్లాడుతుంటే తుమ్మాడట. మడమకు దించేశారు."

"వాణ్ణి దించితే దించారు. నా నొప్పి దిగలేదే."

"ఇప్పుడు పైన ఎవరున్నారో కనుక్కుని రా, మందిస్తాను."

"ఆ లోపు నాకు చెవుడొస్తుంది," అంటూ సుంకులమ్మ కుంటుకుంటూ వెళ్ళింది. కట్టు అంత గట్టిగా కట్టాడు మరి.

వానలు వెలిశాయి. గండి దాటే రోజు దగ్గర పడింది. సరిగ్గా అప్పుడే వీరమల్లు దవడ పన్ను పుచ్చి సలపడం మొదలుపెట్టింది. తిండి లేదు, పరుగు లేదు. ఇలాగే ఉంటే గండి దాటడం కల్ల. "గుబురప్ప చంపేస్తున్నాడు, గుబురప్ప కంపు కొడుతున్నాడు," అని అతని మూలుగు అడవంతా వినిపించేది.

అది విని విని ఎలుగుబంటి గుబురప్ప పరుగెత్తుకొచ్చాడు.

"ఏలినవారూ, గుబురప్ప పుచ్చిపోయాడని నలుగురూ చెప్పుకుంటున్నారు. మా ఆవిడ పుట్టింటివాళ్ళు పరామర్శకు కూడా వచ్చి వెళ్ళారు. నాకు వేరే చోటు ఇప్పించండి."

వీరమల్లుకు అసలే నొప్పి, పైన కోపం వచ్చింది. "నా నోట్లో ఉండడం నామోషీ అయిందా నీకు? వెనక్కి పో. ఈలన్న చోట నువ్వుండు, నీ చోటికి వాడొస్తాడు."

తిమ్మప్ప తలూపి, ఆ క్షణమే ఆజ్ఞ చాటించాడు.

ఆ పూటే వీరమల్లు తిమ్మప్పను వెంటబెట్టుకుని వైద్యశాలకు వెళ్ళాడు. మత్తుకు ఇచ్చిన ఉమ్మెత్త కషాయం గటగటా తాగి, బోర్లా పడుకుని, "ఈ గుబురప్పను మొదలంటా పీకెయ్," అన్నాడు.

పిట్ట అతని తోక వైపు ఒకసారి చూశాడు. "గుబురప్పనేనా ఏలినవారూ? ఎల్లుండి గండి దాటాలి కదండీ."

"అందుకేగా పీకమంటున్నది."

"పీకాక మళ్ళీ రాడండి."

"రాకపోతే పీడా వదిలింది. ఎన్నిసార్లు అడుగుతావు? చిటారుకొమ్మ మరిచిపోయావా?"

పిట్ట తిమ్మప్ప వైపు చూశాడు. తిమ్మప్ప తలూపాడు. వీరమల్లుకు మత్తెక్కింది.

మెలకువ వచ్చేసరికి దవడ అలాగే సలుపుతోంది. వెనకవైపు కొత్తగా మంట.

"ఏడీ గుబురప్ప?" అన్నాడు.

పిట్ట పక్కకు తప్పుకున్నాడు. మోదుగాకుల మీద, నల్లమచ్చల గుబురప్ప పొడుగ్గా పడుకుని ఉన్నాడు.

వీరమల్లుకు ఏ పేరు పెట్టి ఏడవాలో తెలియలేదు.

"ఆజ్ఞ ప్రకారమే చేశానండి," అన్నాడు పిట్ట. ఆజ్ఞ ప్రకారం చూస్తే తప్పు ఎక్కడా లేదు.

గండి దాటే రోజు అడవి అంతా గట్టు మీద చేరింది. వీరమల్లు ఎప్పటిలాగే పరుగున వచ్చి గెంతాడు. సగం దూరంలో పక్కకు ఒరిగాడు. ఆగబోయే బొంగరంలా తూలి, గండి లోపలి ఈతపొదల్లో పడ్డాడు.

పదవి ఖాళీ అయింది. మరెవరూ గెంతడానికి ముందుకు రాలేదు. ఎలుగుబంటి గుబురప్ప మాత్రం గండి చుట్టూ నడక మొదలుపెట్టి, దారిలో ఒక తేనెపట్టు ముగించి, పొద్దువాలేసరికి అవతలి గట్టుకు చేరాడు.

తిమ్మప్ప గొంతు సవరించుకున్నాడు. "ఇక మీదట చుట్టూ నడిచి రావడాన్ని గెంతడం అని పిలవాలి."

సభ చప్పట్లు కొట్టింది.

"అయితే ఈ మడమతో నేను కూడా గెంతుతున్నానన్నమాట," అని సుంకులమ్మ గొణిగింది.

గుండె పేరు చీకటి పడకముందే మారిపోయింది. వీరమల్లు పేరుకు ఒంట్లో ఎక్కడా చోటు లేదు.

మర్నాడు అతను వైద్యశాలకు ఒక్కడే వచ్చాడు. సుంకులమ్మ వెనకాల వరసలో నిలబడ్డాడు. ఆమె అతని వాపు దవడ చూసి, "నువ్వే ముందు చూపించుకో," అని పక్కకు జరిగింది.

"ఏం నొప్పి?" అని అడిగాడు పిట్ట.

వీరమల్లు అటూ ఇటూ చూశాడు. ఏ పేరూ గుర్తు రాలేదు. "పన్ను," అన్నాడు చిన్నగా.

పిట్ట కూడా అటూ ఇటూ చూశాడు. తిమ్మప్ప దరిదాపుల్లో లేడు, కొత్త ఏలిక దగ్గర తలూపుతున్నాడు.

"నోరు తెరువు," అన్నాడు పిట్ట.

ఒక్క పోటు, ఒక్క లాగు. పన్ను ఊడి ముక్కుకొచ్చింది.

"ఇంతేనా?" అంది సుంకులమ్మ. "అయితే నాకు చెవి నాయనా, చెవి."

ఈ కథలో నేర్చుకోవలసింది ఒకటే: పదవి ఊడితే గానీ పన్ను ఊడదు.