పిన్నికి నప్పే ఊపిరి

మనిషి పుట్టిన మరుక్షణమే ఎవరి అనుమతీ లేకుండా ఊపిరి పీల్చడం మొదలుపెడతాడు. ఈ విచ్చలవిడితనాన్ని ఇన్ని యుగాలుగా ఏ సంస్థా పట్టించుకోకపోవడం మానవజాతికే తలవంపులు. ఆ లోటు తీర్చడానికే మా వీధి చివర, సోఫాల దుకాణం పైన, శ్వాస విధానాల ఎంపిక కేంద్రం వెలసింది. ఎవరి ఆత్మకు ఏ ఊపిరి నప్పుతుందో అక్కడ తేలుస్తారు. (ఎవరికి ఏ సోఫా నప్పుతుందో కింద తేలుస్తారు. అక్కడైతే ముందు కూర్చుని చూడనిస్తారు.)

బాబాయి పోయినప్పటి నుంచీ మా పిన్నికి కంటి మీద కునుకు లేదు. మాత్రలు మింగింది, మంచం ఇటు నుంచి అటు జరిపింది, ఏదీ పనిచేయలేదు. "ఆ ఊపిరేదో వాళ్ళనే చూసి పెట్టమందాం పద," అని పిన్ని అంటే వెంట వెళ్ళాను.

ముందు యాప్‌లో నమోదు చేసుకోవాలి. అందులో మొదటి ప్రశ్న, మీరు ప్రస్తుతం శ్వాసిస్తున్నారా అని. (పొరపాటున 'లేదు' నొక్కిన మా పక్కింటాయన్ని ఉన్నత స్థాయి సాధకుల్లో చేర్చారు. ఇప్పుడాయన ఉపన్యాసాలిస్తున్నాడు.) లిఫ్టు పనిచేయదు. మెట్లెక్కి రొప్పుతూ వచ్చినవాళ్ళ ఊపిరి పరీక్షకు పనికిరాదు కనుక, అది కుదుటపడేదాకా బెంచీ మీద కూర్చోవాలి. ఈలోగా టోకెన్ దాటిపోతుంది. కొత్త టోకెన్ కింద ఇస్తారు. ఎడమ ముక్కుకొక కౌంటరు, కుడి ముక్కుకొక కౌంటరు. ఆ ఇద్దరు గుమస్తాలకూ మాటల్లేవు కాబట్టి, ఒక ముక్కు సంగతి రెండో ముక్కుకు పిన్నే మోసింది.

చివరికి పరీక్ష గదిలో కూర్చోబెట్టారు. ఎంపిక అధికారి మౌనశ్వాస చేయించారు, లాభం లేదు. అలలశ్వాస చేయిస్తే పిన్ని ఆవులించింది. (ఆవులింత ఆమోదిత విధానం కాదు. మందలించారు.) అంతలో పక్క హాల్లో పై తరగతివాళ్ళు గర్జనశ్వాస అందుకున్నారు. మధ్యనున్న చెక్కగోడ అదిరింది. నేను చెవులు మూసుకుని పిన్ని వైపు తిరిగాను.

పిన్ని నిద్రపోతోంది. తల పక్కకు వాలిపోయి, నోరు కాస్త తెరుచుకుని, హాయిగా నిద్రపోతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అధికారి తట్టి లేపారు. "ఏంటమ్మా, పరీక్షలో నిద్రపోతే ఎలా?"

"ఏమనుకోకు బాబూ. అచ్చం మా ఆయన గురకలా ఉంటేనూ. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ చప్పుడుని తిట్టుకుంటూనే పడుకున్నాను."

నేనందుకున్నాను. "సార్, ఇంకే విధానమూ వద్దు. రోజూ ఆ గోడ పక్కన ఓ కుర్చీ వేయించండి, చాలు."

"ఇతరుల ఊపిరి విని ప్రశాంతత పొందడానికి నిబంధనలు ఒప్పుకోవండీ. ఎవరి ఊపిరితో వాళ్ళే పొందాలి."

"నా ఊపిరొక్కటే వినబడుతుంటే నిద్ర పట్టకే కదా బాబూ వచ్చాను," అంది పిన్ని.

అధికారి కఠినుడేం కాదు. లోపలికెళ్ళి పై అధికారితో చాలాసేపు మాట్లాడి, వస్తూ వస్తూ పిన్నికి మంచినీళ్ళు కూడా తెచ్చి, నిర్ణయం మెత్తగానే చెప్పారు. వేరొకరి ఊపిరికి అలవాటుపడ్డవాళ్ళు ఎంపికకు అనర్హులట. బాబాయిని పూర్తిగా మరిచిపోయాక, మరిచిపోయినట్టు చెప్పడానికి ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని, పిన్ని మళ్ళీ రావచ్చట.