గాలికి షుగర్ ఉండదు

ఐస్‌క్రీమ్‌ను కిలోల్లో కాకుండా లీటర్లలో అమ్మాలని ఎవరికి తట్టిందో గానీ, వారికి ఊరూరా విగ్రహాలు పెట్టాలి. నవ్వకండి. మా ఇంట్లో శాంతి నెలకొన్నది ఆ పుణ్యాత్ముల వల్లే.

మా అత్తగారు రిటైరైన లెక్కల టీచరు. షుగర్ పేషెంటు. ఐస్‌క్రీమంటే ప్రాణం. రెండు నెలలు బతిమాలించుకుని, డాక్టర్‌గారు దిగొచ్చారు. "వారానికోసారి, వంద గ్రాములు. మించితే మళ్లీ నా దగ్గరికి రాకండి" అన్నారు.

డబ్బా కొనుక్కొచ్చాను. మూత మీద ఏడు వందల మిల్లీలీటర్లని ఉంది. బరువెంతో ఎక్కడా లేదు. వంద గ్రాములంటే వంద మిల్లీలీటర్లే కదా అనుకుని, అంతే పట్టే కొలత కప్పుతో ఒక్క కప్పు తీసి అందించాను. ఆవిడ నన్ను ఎక్కాలు రాని విద్యార్థిని చూసినట్టు చూశారు.

"అది నీళ్ల లెక్క అల్లుడుగారూ. ఇది నీళ్లా?"

ఆ కప్పుడూ వంటింటి త్రాసు మీద తూచారు. యాభై గ్రాములు!

"సగం గాలే. గాలికి షుగర్ ఉండదు. ఇంకో కప్పు వెయ్యండి."

చూశారా? డాక్టర్ మాట జవదాటకుండా రెట్టింపు తినే యోగం ఇంకే సరుకులో ఉంది? పంచదారను ఇంకా కిలోల్లోనే అమ్ముతున్నారు, ఎంత వెనకబాటు! బంగారం లీటర్లలో అమ్మితే, మా ఆవిడ బోలు గాజులు బకెట్టుతో తెచ్చుకునేది. నన్ను మాత్రం లీటర్లలో కొలవొద్దని మనవి. పొట్ట దగ్గర నా బండారం బయటపడుతుంది.

నెల తిరిగాక కొత్త డబ్బా తెచ్చాను. మర్నాడు పొద్దుట పోయిన కరెంటు సాయంత్రానికి గానీ రాలేదు. ఐస్‌క్రీమ్ కరిగి, మళ్లీ గడ్డకట్టింది. మూత తీస్తే సగం డబ్బా ఖాళీ. మిగిలింది ఇటుకలా ఉంది.

అత్తగారు నిమ్మళంగా రెండు కప్పులు చెక్కుకున్నారు.

"అమ్మా, తూచి తిను" అంది మా ఆవిడ.

"తేలిన లెక్క మళ్లీ చెయ్యరే. రెండు కప్పులంటే రెండు కప్పులే."

అనుమానమొచ్చి, ఆవిడ తినేశాక నేనొక కప్పు తూచాను. వంద గ్రాముల పైమాటే. తర్వాతి పరీక్షలో షుగర్ చుక్కలు చూపించింది.

"వంద గ్రాములే తిన్నారా?" అని డాక్టర్‌గారు నిలదీశారు.

పిల్లలకు ముప్పయ్యేళ్లు మార్కులు కోసిన ఆవిడ తల దించుకున్నారు. "గాలి పోయిందని తెలుసండీ. తెలిసే తిన్నాను. ఆశ."

డాక్టర్‌గారు నెలపాటు పూర్తిగా బంద్ చేశారు.

నెల గడిచింది. ఈసారి మోసం వద్దని, ఆవిడే స్వయంగా నాతో ఐస్‌క్రీమ్ షాపుకు వచ్చారు.

"వంద గ్రాములు తూచివ్వు నాయనా."

"తూకం లేదమ్మా. స్కూపుల లెక్కే" అన్నాడు కౌంటరతను.

"మరి ఆ త్రాసు?"

"బిస్కెట్లకమ్మా. ఐస్‌క్రీమ్ దానిమీద పెట్టొద్దని ఓనర్‌గారి ఆర్డరు."

"ఎందుకట?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మొన్నొకాయన తూయించుకుని, సగం డబ్బులే ఇచ్చి వెళ్లిపోయాడమ్మా."