కెల్విన్ ట్రెంబాత్ మెటల్ డిటెక్టర్ ఎంచుకొనుట

పోర్ట్ ట్రెవెల్ వాస్తవ్యుడు, ధాన్యం గోదాముల దగ్గర ముప్పై నాలుగేళ్లు కాటా చూసి పదవీ విరమణ చేసిన శ్రీ కెల్విన్ ట్రెంబాత్, పాత నాణేలు వెతికే నిమిత్తం మధ్యరకం ధరలో ఒక మెటల్ డిటెక్టర్ కొనదలచినట్టు మార్చి మూడో తేదీన, మంగళవారం, బేకరీలో అందరి ఎదుటా ప్రకటించాడు. ఆ నెల ఊళ్లో వేరే విశేషమేదీ లేదు కాబట్టి నేను నడిపే నాలుగు పేజీల మాసపత్రికలో ఈ వార్తను మొదటి పేజీలోనే వేశాను. రెండో వార్త, జెట్టీ మీద ఒక చెక్క వదులైందని.

మధ్యరకమే ఎందుకన్నదానికి కెల్విన్ దగ్గర గట్టి కారణాలున్నాయి. చవకది కొంటే పిల్లల బొమ్మ పట్టుకు తిరుగుతున్నాడంటారు. ఖరీదైనది కొంటే ముసలితనంలో మతి తప్పిందంటారు. మర్యాదస్తుడికి మిగిలేది మధ్య అరే. కెల్విన్ జీవితమంతా ఆ అరలోనే గడిచింది. చర్చిలో మధ్య బల్ల, వీధిలో మధ్య ఇల్లు, పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బు ఫొటోల్లో పద్దెనిమిదేళ్లుగా రెండో వరసలో నడుమ స్థానం. ఇంత అనుభవం ఉన్నవాడు మధ్యరకం యంత్రాన్ని ఒక గంటలో తేల్చేస్తాడని అతని భార్య మెర్ల్ నమ్మింది. పెళ్లయి నలభై ఒక్క ఏళ్లయినా మనిషిలో అమాయకత్వం పూర్తిగా పోదు.

పరిశోధన వరండాలో మొదలైంది. మొదటి వారానికి ఏడు యంత్రాలు పరిశీలనలో ఉన్నాయి. నాలుగో వారానికి పదిహేడయ్యాయి. పెద్ద పుస్తకంలో గళ్లు గీసి ఒక్కోదాని బరువు, లోతు, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది, తడి ఇసుకలో ఎలా కూస్తుంది, అన్నీ మూడు రంగుల్లో రాశాడు. ఒకటి ఖాయం చేసుకునేలోపు ఆ కంపెనీవాళ్లు దానికి చెల్లెల్ని విడుదల చేసేవారు. మళ్లీ కొత్త గడి. ఇంగ్లండులో ఎవరో టోపీ పెట్టుకున్నాయన తన పొలంలో తవ్వే వీడియోలు రోజుకు నాలుగు గంటలు చూశాడు. ఆగస్టు వచ్చేసరికి కెల్విన్‌కు ఆ పొలంలోని మట్టి గుణాలు పూర్తిగా తెలుసు. తన ఇంటికి మూడు వందల గజాల్లో ఉన్న పాత షో గ్రౌండులో, ఎనభై ఏళ్లపాటు గొర్రెల ప్రదర్శనలూ కేకుల పోటీలూ జరిగి జనం జేబుల్లోంచి చిల్లర రాలిన ఆ మైదానంలో, మట్టి ఏ రంగో చూడలేదు.

బరువు విషయంలో మాత్రం ఆచరణలోకి దిగాడు. కిలో మూడు వందల గ్రాములకీ కిలో నాలుగు వందలకీ భుజం మీద తేడా తెలుసుకోవడానికి చీపురుకర్ర చివర పేస్టీలనే మాంసపు కజ్జికాయలు కాల్చే పళ్లెం కట్టి, దానికి టమాటా డబ్బాలు వేలాడదీసి, పెరట్లో ఈ కంచె నుంచి ఆ కంచెకు ఊపుకుంటూ నడిచేవాడు. మెర్ల్ వంటింటి కిటికీలోంచి చూసేది.

"కెల్విన్, ఏమైనా దొరికిందా?"

"ఇది వెతకడం కాదు. తూకం."

"సరే. తూకం అయిపోతే నా చీపురు ఇటివ్వు. పళ్లెం కూడా. మధ్యాహ్నానికి తిండి కావాలంటే."

ఇదిలా ఉండగా పక్కింటి లిండ్సే పాస్కో అనే పాత గొర్రెబొచ్చు కత్తిరింపుగాడు ఒక అనాలోచిత చర్యకు పాల్పడ్డాడు. గేలపు ముళ్లు కొనడానికి చేపల సామాన్ల కొట్టుకు వెళ్లాడు. తలుపు వెనక ఎవరో వాడి తిరిగిచ్చిన మెటల్ డిటెక్టర్ ఒకటి, పిడికి నల్లటేపు చుట్టి, వేలాడుతోంది. కొట్టువాడు భోజనానికి తాళం వేయబోతున్నాడు. లిండ్సే దాన్ని కూడా ఇచ్చేయమన్నాడు. ఎంపికకు పట్టిన సమయం కొట్టువాడు తాళంచెవి వెతుక్కున్నంతసేపు. యంత్రం పేరేమిటో అతను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే షో గ్రౌండుకు వెళ్లాడు. యంత్రానికి తెలిసింది ఒకటే కూత. అది కూస్తే లిండ్సే మోకాళ్ల మీద కూలబడి తవ్వేవాడు. మేకులొచ్చాయి, బీరు డబ్బాల రింగులొచ్చాయి, గుర్రపు లాడం వచ్చింది. పదకొండు గంటలకు పెన్నీ వచ్చింది, చాక్లెట్టు బిళ్లంత, నల్లగా, మీద రాజుగారి తలతో. లిండ్సే దాన్ని చొక్కాకు తుడుచుకుంటూ పరుగున కెల్విన్ వరండా ఎక్కాడు. అతను పరుగెత్తడం మా ఊరు చూసింది చాలా ఏళ్ల తర్వాత అప్పుడే.

కెల్విన్ నాణేన్ని భూతద్దంలో చూశాడు. ఎంత లోతున దొరికిందని అడిగాడు. లిండ్సే జానెడు చూపించాడు. కెల్విన్ పుస్తకం తెరిచి, ఎర్ర సిరాలో ఉన్న గడి మీద వేలుపెట్టి, విచారంగా తల ఊపాడు.

"ఈ తరగతి యంత్రాలకు నాలుగు వేళ్ల లోతు దాటి పెన్నీ కనబడదు. కాబట్టి ఇది నీకు దొరకడానికి వీల్లేదు."

లిండ్సే తప్పు చేసినవాడిలా టోపీ తీశాడు. "నాకు తెలీలేదురా. ఈసారి పైపైనే తవ్వుతాలే."

అయినా అతని పొరపాట్లు ఆగలేదు. అక్టోబరుకల్లా జామ్ సీసా నిండా నాణేలయ్యాయి. ఊరు దీన్ని అదృష్టం అంది. కెల్విన్ పుస్తకాన్ని విజ్ఞానం అంది. ఈ రెండింటికీ తేడా తెలిసిన ఊరు మాది. చుట్టుపక్కల మూడు ఊళ్ల నుంచి జనం మెటల్ డిటెక్టర్ కొనేముందు కెల్విన్ వరండాకు వచ్చి సలహా తీసుకునేవారు. లిండ్సే గేటు వాళ్లకు దారిలోనే ఉండేది. అతణ్ని నాణేలు ఎక్కడ దొరుకుతాయని అడగాలని ఎవరికీ తోచలేదు.

నవంబరులో టౌన్‌హాల్ సంఘంవారు "మధ్యరకం మెటల్ డిటెక్టర్ ఎంపిక: సమగ్ర దృక్పథం" అనే అంశంపై కెల్విన్ ఉపన్యాసం ఏర్పాటు చేశారు. అరవై రెండు మంది వచ్చారు. వేదిక అలంకరణకు లిండ్సే సీసాలోని నాణేలు అడిగి తెచ్చి ఆకుపచ్చ గుడ్డ మీద పేర్చారు. ఆ నాణేలు ఎవరివో తెలిపే చీటీ టీ కప్పు కింద పడి తడిసిపోయింది. సంఘం అధ్యక్షురాలు శ్రీమతి గ్లెనిస్ హాకడే స్వాగతం పలుకుతూ, ఈ రోజుల్లో తొందరపడి పని చేసేసేవాళ్లే తప్ప నిదానంగా ఆలోచించేవాళ్లు కరువయ్యారనీ, శ్రీ ట్రెంబాత్‌గారు ఎనిమిది నెలలుగా ఏ పనీ చేయకుండా యువతకు ఆదర్శంగా నిలిచారనీ కొనియాడారు. అక్కడున్నవారిలో చిన్నది యాభై రెండేళ్ల పోస్టాఫీసు గుమాస్తా. ఆవిడ కాస్త ఇబ్బందిగా కదిలింది.

ఉపన్యాసం గంటంబావు సాగింది. చివర్లో వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, ఇంతకీ తమరి దగ్గరున్నది ఏ యంత్రం అని అడిగింది. మెర్ల్ లామింగ్టన్ కేకు కొరకబోయి ఆగింది. కెల్విన్ నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, ఇలా అన్నాడు:

"అమ్మా, ఒక యంత్రం కొన్నవాడు ఆ యంత్రం తరఫున మాట్లాడతాడు. నేను ఎవరి తరఫునా మాట్లాడకూడదన్న ఉద్దేశంతోనే ఇంతవరకు ఏదీ కొనలేదు."

చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ వాక్యాన్ని పత్రికలో పెద్దక్షరాల్లో వేశాను కూడా.

మర్నాడు లిండ్సే వరండా ఎక్కాడు. ఈసారి పరుగున కాదు. రాత్రంతా ఆలోచించాననీ, తన యంత్రం గురించి హాల్లో విన్నాక దాన్ని పట్టుకుని నలుగురిలో నడవాలంటే సిగ్గేస్తోందనీ చెప్పి, నువ్వు ఏది కొనమంటే అది కొంటానన్నాడు. కెల్విన్ కదిలిపోయాడు. చిన్నప్పటి నుంచి తనను చేపలకూ ఫుట్‌బాల్‌కూ లాక్కెళ్లినవాడు, మొదటిసారి తన సలహా కోసం టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరం ఒకే రకం కొందామన్నాడు కెల్విన్. మూడు వారాలు కూర్చుని పదిహేడింటిని ఆరుకీ, ఆరింటిని మూడుకీ దించి, ఆ మూడిట్లో ధర సరిగ్గా మధ్యనున్నదాన్ని ఖాయం చేశారు. డిసెంబరు రెండో శనివారం రెండు పెట్టెలు దిగాయి.

ప్రారంభోత్సవానికి ఊరంతా మడతకుర్చీలు, చల్లని డబ్బాల పెట్టెలు తీసుకుని షో గ్రౌండుకు వచ్చింది. యంత్రాలు నిజంగా గొప్పవి. నలభై రకాల స్వరాలు పలుకుతాయి. ప్రతి స్వరానికీ తెర మీద ఒక అంకె వేస్తాయి. ఎనభై దాటితే వెండి, అరవై లోపు చెత్త, నడుమ వస్తే సందేహం. ఆ రోజు వచ్చినవన్నీ నడుమే వచ్చాయి. డెబ్భై ఒకటి వచ్చినప్పుడు ఇద్దరూ ఆగి, పుస్తకం తీసి, అది పెన్నీయా బీరు డబ్బా రింగా అని ఇరవై నిమిషాలు చర్చించి, రింగే అయ్యుండాలని తేల్చుకుని ముందుకు సాగేవారు. లిండ్సే రెండుసార్లు మోకాలు వంచబోయాడు. కెల్విన్ మర్యాదగా భుజం మీద చెయ్యి వేసి లేపాడు. సాయంత్రం నాలుగింటికి కార్యక్రమం ముగిసేసరికి ఒక్క గుంట కూడా తవ్వలేదు.

జనం దీన్ని వైఫల్యంగా భావించి ఉంటారని మీరనుకోవచ్చు. మా ఊరిని తక్కువ అంచనా వేస్తున్నారు. నాణేలు వెతికినా పచ్చికకు వీసమెత్తు నష్టం కలగనందుకు కౌన్సిల్‌వారు వారం తిరక్కుండానే ఇద్దరికీ ప్రశంసాపత్రాలు పంపారు. ఆ నేలలోనే ఏదో లోపముందని బౌల్స్ క్లబ్బులో తీర్మానమైంది. మంచి నేల ఎలా ఎంచుకోవాలో కెల్విన్ కొత్త పుస్తకం మొదలుపెట్టాడు.

మాకు నడివేసవి అయిన జనవరిలో ఒక ఉదయం, ఇద్దరూ వరండాలో గళ్లు గీసుకుంటుంటే, మెర్ల్ టీ పెట్టి లిండ్సే కాళ్ల వంక చూసింది.

"నీ మోకాళ్లు ఇంత శుభ్రంగా ఉన్నాయేంటి లిండ్సే? ఒంట్లో బాగానే ఉందా?"

"ఇప్పుడు వంగక్కర్లేదు మెర్ల్. తవ్వొద్దని యంత్రమే చెప్పేస్తది." అతను టీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు. "పాతదైతే ఏమీ చెప్పేది కాదు. కూసేది అంతే. తవ్వేదాకా నాకేమీ తెలిసేది కాదు. అది కూసినప్పుడల్లా గుండె ఎగిరేది."

"ఎక్కడుంది అది?"

"షెడ్డులో, పీతల వలల కింద పడుంటది. నీకెందుకు?"

మెర్ల్ నేరుగా షెడ్డుకు నడిచింది. ఆ పాత యంత్రాన్నీ, తోటలో దుంపలు తవ్వే ముళ్లగరిటెనూ పట్టుకుని రోజూ తెల్లవారగానే, ఎండ ముదరకముందు, షో గ్రౌండుకు వెళ్లడం మొదలుపెట్టింది. ఏ మూల నుంచి మొదలుపెట్టాలో ఎవరినీ అడగలేదు. పైన్ చెట్ల కింద నీడ ఉంది కాబట్టి అక్కడ మొదలుపెట్టింది. పాతకాలంలో షో చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా నీడ ఉందనే అక్కడ కూర్చునేవారట. ఈ విషయం పదిహేడు యంత్రాల పుస్తకంలో ఎక్కడా లేదు.

పదో రోజు పొద్దున ఆమె వరండా ఎక్కి, టీ కప్పులు పక్కకు జరిపి, ఒక తడి గుడ్డ విప్పింది. తోలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన చేతిసంచి తాలూకు ఇత్తడి గొళ్లెం. దానితో పదకొండు నాణేలు. రెండు ఫ్లోరిన్లు, నాలుగు షిల్లింగులు, మిగతావి చిటికెనవేలి గోరంత మూడు పెన్నీల వెండి బిళ్లలు. ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

ఎంత లోతు అని కెల్విన్ అడిగాడు. జానెడు పైనే అని ఆమె చెప్పింది. అతని చెయ్యి అలవాటుగా పుస్తకం మీదికి వెళ్లింది.

"ముందు ఒక్క మాట విను," అంది మెర్ల్. "ఇది ఒకే మనిషి సంచి. ఎవరో ఆడమనిషి. ఆ రోజుల్లో ఇది వారం కూలి ఉండొచ్చు. షోకి కొత్త గౌను వేసుకుని వచ్చి, పొద్దుగూకేదాకా ఆ చెట్ల కింద వెతుక్కుని ఉంటుంది. ఇంటికెళ్లి ఏం చెప్పిందో. నాకు తవ్వుతుంటే అదే ఆలోచన."

కెల్విన్ ఒక చిన్న బిళ్లను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు కాటా చూసిన చెయ్యి కాబట్టి బరువు చెబుతాడని మిగతా ఇద్దరూ అనుకున్నారు. చెప్పలేదు. ఎనిమిది నెలల పరిశోధన, ఉపన్యాసం, ప్రశంసాపత్రం అన్నీ అయ్యాక, పాత నాణేన్ని మట్టితో సహా ముట్టుకోవడం అతనికి ఇదే మొదలు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకా ఉంటాయంటావా అక్కడ?" అన్నాడు చివరికి.

"తవ్వితే తెలుస్తుంది."

లిండ్సే అప్పటికే లేచి బూట్లు వెతుక్కుంటున్నాడు.

అప్పటి నుంచి ముగ్గురూ కలిసే వెళ్తున్నారు. పాత యంత్రం మెర్ల్, లిండ్సే వంతులవారీగా పడతారు. కెల్విన్ గుంటలు పూడుస్తాడు. ఎంత చక్కగా పూడుస్తాడంటే, పచ్చిక గడ్డను తీసిన చోటే, తీసిన వాలులోనే కూర్చోబెట్టి అరికాలితో తట్టి, అక్కడ తవ్వారని మాగ్‌పై పిట్టలకు కూడా అనుమానం రానివ్వడు. ఆ పని చేస్తున్నప్పుడు ఈల వేస్తాడు. అతనికి ఈల వచ్చునని నలభై ఒక్క ఏళ్లలో తనకు తెలియదని మెర్ల్ నాతో చెప్పింది.

ఈ సంగతి నేను ఫిబ్రవరి సంచికలో వేశాను. నలుగురికీ ఉపయోగపడేలా పద్ధతి కూడా చెప్పమని అడిగితే మెర్ల్ మూడు ముక్కల్లో చెప్పింది: రోజూ వెళ్లాను, కూసిన చోటల్లా తవ్వాను, తవ్విన చోటల్లా పూడ్చాను. అది యథాతథంగా అచ్చువేశాను.

మా పత్రిక చరిత్రలో ఒక వార్తకు నలభై ఆరు ఉత్తరాలు రావడం ఎప్పుడూ లేదు. అన్నీ శ్రద్ధగా చదివాను. ఆ సంచి ఎవరిదై ఉంటుందని ఎవరూ అడగలేదు. ఆ చెట్లు ఎక్కడున్నాయని ఎవరూ అడగలేదు. నలభై ఆరుమందీ ఒకటే అడిగారు, ఆ యంత్రం ఏ కంపెనీది, ధర ఎంత, దానికన్నా కాస్త మెరుగైనది, మరీ ఖరీదు కానిది ఇంకేదైనా ఉందా అని. వారికి సమాధానమివ్వడం నా శక్తికి మించిన పని కాబట్టి, ఈ నెలాఖరున టౌన్‌హాల్లో కెల్విన్ రెండో ఉపన్యాసం ఏర్పాటైంది. నా పనిగంటలు తగ్గించే ఉద్దేశంతో మనవి చేసేదేమంటే, మీరు కూడా అదే అడగబోతున్నట్టయితే ఉత్తరం రాయకండి. కుర్చీలు తక్కువున్నాయి, త్వరగా రండి.