కళ్యాణి కళ్ళకు నూటికి నూరు

మనిషికి చదువు రాకపోతే ఆ నేరం కళ్ళదేనని జగిత్యాలలోని దృశ్య గ్రహణ శిక్షణ కేంద్రం ఏకగ్రీవంగా తీర్మానించింది. (కళ్ళను సమావేశానికి పిలవలేదు.) డిస్లెక్సియా, అంటే తెలివి ఉండి కూడా అక్షరాలు కూడబలుక్కోలేని ఇబ్బంది ఉన్న పిల్లలందరూ పన్నెండు శనివారాలు బాణాలు లెక్కపెట్టాలి, చుక్కలు కలపాలి, రెండు బొమ్మల మధ్య తేడాలు పట్టాలి. డిస్లెక్సియా ఉందని సర్టిఫికెట్ ఇచ్చేదీ లేనిదీ ఆ తర్వాతే తేలుతుంది.

సిరిసిల్లలో పెట్టికోట్లు కుట్టే మంజులకు కావలసింది ఆ సర్టిఫికెట్ ఒక్కటే. అది ఉంటే ఆమె బిడ్డ కళ్యాణికి పదో తరగతి పరీక్షలో ప్రశ్నలు చదివి చెప్పడానికి ఒక మనిషిని ఇస్తారు. పాఠం చదివి వినిపిస్తే చాలు, కళ్యాణి పొల్లుపోకుండా అప్పజెబుతుంది. అదే పాఠం చేతికిస్తే మొదటి వరుసకే చెమటలు పడతాయి.

మరి మంజుల చేసిన ఘనకార్యం వినండి. మొదటి శనివారం బస్సులోనే బిడ్డకు నూరిపోసింది.

"ఒక్క తప్పు గూడ జెయ్యకు బిడ్డా. మనది సాంచాల ఇల్లు. ఇజ్జత్ తియ్యకు."

సాంచాలంటే మరమగ్గాలు. నాలుగు సాంచాలు దడదడలాడే షెడ్డులో తెగిన పోగును గుమ్మం దగ్గరి నుంచే పట్టే పిల్లకు బొమ్మల్లో తేడాలు ఒక లెక్కా? కేంద్రం వారు ఆరు తేడాలు పెడితే తొమ్మిది చూపించింది. (మిగతా మూడూ ప్రెస్సువాళ్ళ తప్పులు. వాటిపై విచారణ సంఘం వేశారు.) కోరుట్ల నుంచి వచ్చిన పరిశీలక బృందం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మంజుల పొంగిపోయింది, పాపం.

పదమూడో శనివారం ముఖ్య దృశ్య గ్రహణాధికారి విఠల్ గారు ఫైలు మూసేశారు.

"ముబారక్ అమ్మా! నూటికి నూరు. మీ బిడ్డకు డిస్లెక్సియా పోయింది. ఇగ సర్టిఫికెట్ అవసరం లేదు."

"అయ్యో సారూ, దానికి చదువుడు ఇంకా వస్తలేదు గదా!"

"చదివించి చూసుడు మా రూల్స్‌ల లేదమ్మా. మేం చూసేది చూపునే."

"మరి తప్పులు జేసిన పిలగాండ్లకు?"

"వాండ్లకు ఇచ్చినం. వాండ్లకు ఉన్నది గదా."

మంజులకు ఒళ్ళు మండింది. "నా నోరు పడిపోను! తప్పులు జెయ్యి బిడ్డా అంటే అయిపోతుండె" అని నెత్తి కొట్టుకుంది. అప్పీలు పెడతానంది. దానికీ చక్కటి ఏర్పాటుంది. అభ్యర్థి స్వహస్తాలతో, ఒక్క అక్షరదోషం లేకుండా, రెండు పేజీలు రాసివ్వాలి. (దోషం ఉంటే అర్జీ చెల్లదు. లేకుంటే అర్జీ అక్కర్లేదు.)

కేంద్రం మాత్రం ఈ విజయాన్ని ఊరికే పోనివ్వలేదు. గేటు మీద ఫ్లెక్సీ కట్టించింది. అందులో అధికారుల ఫోటోలు నిలువెత్తున, కళ్యాణి ఫోటో ఓ మూలన ఉన్నాయి. ఇంటికి బయల్దేరుతూ ఆ పిల్ల దాని ముందు ఆగింది.

"అమ్మా, నా ఫోటో కింద ఏం రాసిండ్రే?"

'చదవడానికి ఇక ఈమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు' అని రాసి ఉంది. మంజుల ఒక్కో మాటా చదివి వినిపించింది. మార్చిలో పరీక్ష హాల్లోకి తల్లులను రానివ్వరు.