ఎడమ నుంచి రెండో ఆవిడ

శనివారం పొద్దున కిరణ్ కుమార్ పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. దుకాణం తెరిచి యూట్యూబులో ఒక వీడియో పెట్టాలి, దర్జీ దగ్గర కోటు తెచ్చుకోవాలి, కటింగు చేయించుకోవాలి. మర్నాడు ఆదివారం కోటగిరి అవతల ఒక ఊళ్లో అతనికి ప్రధానం, ఉంగరాలు మార్చుకోవడం. పిల్ల పేరు ఎస్తర్, బోధన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. చూడబోయిన రోజున చాయ్ అందిస్తూ, చక్కెర తక్కువైతే చెప్పమంది. సరిపోయిందని చెప్పడానికి కిరణ్ కుమార్‌కు నోరు రాలేదు. ఆ రోజు నుంచీ మనిషి నేల మీద లేడు.

ఈ సంబంధం నిలబడటం అతనికి చాలా అవసరం. ఇంతకు ముందు రెండు సంబంధాలు ఖాయమయ్యేదాకా వచ్చి, పిల్లవాడు బుద్ధిమంతుడే గానీ సినిమా పిచ్చి ఉందని తెలిసి జారిపోయాయి. అందుకే ఈసారి తల్లి ముందే మాట తీసుకుంది, అత్తగారింట్లో సినిమా ఊసు ఎత్తొద్దని. అతను ఎత్తలేదు. పాపం, మాట మీదే నిలబడ్డాడు. ఆ ఊరే ఒక సినిమాలోకి ఎక్కి కూర్చుని ఉందని అతనికేం తెలుసు?

నిజామాబాదులో అతనికీ భూమేష్‌కూ కలిపి ఒక ఫ్లెక్సీ దుకాణం ఉంది. పుట్టినరోజులు, సంతాపాలు, నాయకుల ఆగమనాలు అచ్చువేస్తారు. వెనక గదిలో మాత్రం కిరణ్ కుమార్ "అటకెక్కిన సినిమా" అనే ఛానల్ నడుపుతాడు. ఎవరూ తలుచుకోని పాత సినిమాల మీద సమీక్షలు చెబుతాడు. ముఖం చూపించడు, గొంతే వినిపిస్తుంది. ఆ గొంతు సంగతి చెప్పాలి. బయట అందరిలాగే మాట్లాడే మనిషి మైకు ముందు కూర్చుంటే చాలు, గొంతు గంభీరంగా దిగిపోయి, పుస్తకంలోని తెలుగు వచ్చేస్తుంది. మైకు పట్టంగనే నీ ఒంట్లకు రేడియో వస్తది అంటాడు భూమేష్.

ఆ పొద్దున పెట్టిన వీడియో "చెరుకుతోటలో చంద్రిక" గురించి. ముప్పై ఏళ్ల కిందట బోధన్ చుట్టుపక్కల చెరుకు తోటల్లో, చేతిలో చిల్లర లేకుండా తీసిన పెద్దలకు మాత్రమే సినిమా అది. మార్నింగ్ షోకు వచ్చినవాళ్లు మొహం మీద తువ్వాల కప్పుకుని టికెట్ తీసుకునే రకం. మూతపడ్డ ఒక వీడియో దుకాణం తుక్కులో క్యాసెట్టు దొరికింది. ఇంకొకడైతే నవ్వి ఊరుకునేవాడు. కిరణ్ కుమార్ అలాంటివాడు కాదు. సినిమా ఏదైనా సినిమాయే అని, కోర్టులో జడ్జిలా కూర్చుని విచారించాడు.

కథ లేదన్నాడు. నాయికకు ఎప్పుడు కష్టం వచ్చినా స్నానానికి వెళుతుందనీ, కష్టాలు కొంచెం ఎక్కువగానే వచ్చాయనీ గమనించాడు. ఆ అసలు సన్నివేశాలు వేరే ఊళ్లో వేరే మనుషులతో తీసి అతికించినవని తేల్చాడు, ఎందుకంటే వాటిలో నాయిక జానెడు పొడుగు పెరుగుతుంది. వాటిని వీడియోలో చూపించలేదు. సిగ్గుపడి కాదు, చీకట్లో ఏమీ కనబడక. కానీ కాలువ మీద తెల్లవారుజాము వెలుగునూ, గాలికి ఊగే చెరుకునూ మనసారా మెచ్చుకున్నాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి తోటలు వరి మడులైపోయాక ఆ చెరుకు ఇక ఈ సినిమాలోనే మిగిలిందన్నప్పుడు అతని గొంతు నిజంగానే వణికింది.

అక్కడితో ఆపినా బాగుండేది. చెరుకు కోసే పాట దగ్గర మాత్రం అతను కటువుగా మాట్లాడాడు. కోత కోస్తున్న ఆడవాళ్లంతా ఎంతో సహజంగా ఉన్నారనీ, ఎడమ నుంచి రెండో ఆవిడ, పసుపు చీర, ఆమె ఒక్కతే కెమెరాలోకి చూసి నవ్వుతూ నాయికకు రెండుసార్లు అడ్డం వచ్చిందనీ, పాటను చెడగొట్టింది ఆవిడేననీ తీర్పు చెప్పాడు. వీడియో ముఖచిత్రం మీద ఆమె మొహం చుట్టూ ఎర్రగా గుండ్రం గీసి బాణం కూడా పెట్టాడు. తర్వాత కటింగుకు పోయాడు.

దర్జీ దుకాణంలో కోటు తొడుక్కుని చూసుకుంటుండగా కాబోయే మామ పేతురు ఫోన్ చేశాడు. పేతురు ఆ ఊళ్లో నెమ్మదస్తుడని పేరున్న రైతు. ఆ రోజు నెమ్మదిగా లేడు.

"అల్లుడా, ఒక కష్టమొచ్చింది. ఎవడో నిజామాబాద్ తిక్కలోడు మీ అత్తమ్మ మొఖం చుట్టూ ఎర్రగ గీత గీసి యూట్యూబుల పెట్టిండు. పొద్దటి సంది ఆమె ముద్ద ముడ్తలేదు. నువ్వు కంప్యూటర్లు తెలిసినోనివి. గా మనిషెవడో దేవులాడి రేపటికి నా ముందట నిలబెట్టాలె."

"సరే మామా," అన్నాడు కిరణ్ కుమార్. ఇంకేమనగలడు? సగం తొడిగిన కోటుతోనే దర్జీ బల్ల మీద కూర్చుండిపోయాడు. చూడబోయినప్పుడు కాబోయే అత్తగారు శారమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని, ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ పసుపు చీర ఆవిడతో ఆమెను ఎవరు మాత్రం పోల్చుకుంటారు?

దుకాణానికి పరిగెత్తి సంగతి భూమేష్‌కు చెప్పాడు. భూమేష్ నిదానంగా విని, ఒప్పుకో రాదు అన్నాడు. ఒప్పుకుంటే పిల్లనిస్తరా అని అడిగితే, ఇయ్యరు అన్నాడు. మరి? మరైతే ఒప్పుకోకు అన్నాడు. భూమేష్ సలహాలు ఎప్పుడూ ఇంతే.

కిరణ్ కుమార్ ముందు వీడియో తీసేశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. పేతురు మళ్లీ ఫోన్ చేసి, భయపడి తీసేసిండంటే వాడెవడో మన దగ్గరోడే అన్నాడు. పైగా తీసేసి లాభం లేదు. ఊరి వాట్సాపు గుంపుల్లో దాని కాపీ అప్పటికే తిరుగుతోంది. ప్రతివాడూ ఇది ఎవరో పంపించారు, నేను తెరిచి చూడలేదు అని రాసి మరీ ఇంకొకరికి పంపిస్తున్నాడు.

ఇక తప్పదని కిరణ్ కుమార్ ఒక అబద్ధం ఆడాడు. ఆ మనిషి దొరికాడనీ, బాగా పశ్చాత్తాపపడుతున్నాడనీ, ఫోన్‌లో క్షమాపణ చెబుతాడనీ. అబద్ధానికి మనిషి కావాలి గనుక భూమేష్‌ను కూర్చోబెట్టాడు. భూమేష్ తప్పయిందమ్మా అని రకరకాలుగా చెప్పాడు. అవతల శారమ్మ అంతా విని, ఇది ఆ గొంతు కాదంది. ఆయన గొంతు పుస్తకం చదివినట్టు గంభీరంగా ఉంటుందంది. జలుబైంది అన్నాడు భూమేష్. ఫోన్ పెట్టేసిన వెంటనే పేతురు అల్లుడికి చేసి, వాడు నిన్ను కూడా మోసం జేసిండు బిడ్డా, రేపు ప్రధానం కాంగనే ఠాణాకు పోదాం, ఫిర్యాదు నువ్వే రాయాలె, నీ దస్తూరి బాగుంటది అని ఓదార్చాడు.

అప్పుడు గుర్తుకొచ్చింది కిరణ్ కుమార్‌కు అసలు గండం. ఆ ఊరి చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఉంగరాలు మార్చుకునే ముందు పిల్లవాడు మైకు పట్టుకుని అందరికీ వినబడేలా బైబిలు నుంచి ఒక భాగం చదవాలి. ఫోన్‌లో మామా అత్తమ్మా అంటే ఎవరూ పోల్చుకోరు గానీ, మైకులో పుస్తకం తెలుగు చదివితే ఊరు ఊరంతా పోల్చుకుంటుంది.

ఆదివారం ఎండలో మెడకు మఫ్లరు చుట్టుకుని దిగాడు. గొంతు పోయిందని సైగ చేశాడు. ఇక చూడండి మర్యాద. ఒకావిడ మిరియాల కషాయం తెచ్చింది, ఇంకొకావిడ పసుపు పాలు, మూడో ఆవిడ ఏమిటో చెప్పకుండానే తాగించింది. తేలు కుట్టిన దొంగలా అన్నీ తాగాడు. చదివే పని వేరే ఎవరికైనా ఇద్దామని చర్చి పెద్దలు అనుకుంటుండగా ఎస్తర్ వచ్చింది. నర్సు గదా. అందరి ముందూ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరవమని, ఫోన్ లైటు వేసి చూసింది.

"ఎరుపు లేదు, వాపు లేదు. గొంతు సాఫ్‌గ ఉంది," అంది.

మైకు చేతికొచ్చింది. కిరణ్ కుమార్ సన్నగా, తడబడుతూ, చదువురానివాడిలా మొదలుపెట్టాడు. ఒక వాక్యం అలా గడిచింది. రెండో వాక్యంలో అలవాటు గెలిచింది. గొంతు దిగింది, గంభీరమైంది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. కూర్చున్న వాళ్లలో ఒక్కొక్కరే తల ఎత్తారు. మరుక్షణం ఒక్కొక్కరే తల దించుకున్నారు. ఆ గొంతును గుర్తుపట్టామని చెప్పాలంటే ఆ వీడియో చూశామని చెప్పాలి. అందరూ నేలవైపే చూస్తున్నారు. ముందు వరుసలో నుంచి శారమ్మ ఒక్కతే లేచి నిలబడింది.

"ఆగు బిడ్డా. నువ్వేనా గాయన?"

మైకు ఆపడం మరిచిపోయి, "నేనే అత్తమ్మా," అన్నాడు కిరణ్ కుమార్. ఊరంతా వినబడింది. అతని తల్లి కళ్లు మూసుకుంది. ఎస్తర్ మాత్రం కళ్లు పెద్దవి చేసి చూసింది. అయిపోయింది, మూడో సంబంధం కూడా పోయిందనుకున్నాడు అతను.

చర్చి పెద్ద జకరయ్య లేచాడు. ఇటువంటి సినిమాలు చూసేవాడికి పిల్లను ఇవ్వడమేమిటని, అది ఎటువంటి సినిమానో అందరికీ తెలుసునని అన్నాడు. శారమ్మ అతనివైపు తిరిగింది.

"గది ఎసువంటి సినిమానో నీకెట్ల తెలుసు అన్నా?"

"అనుకుంటుంటె విన్న."

"మేం చెరుకు కోసేటోళ్లమంతా కలిసి బోధన్ టాకీసుకు పోయినం. మేం యాక్టింగ్ చేసిన సినిమా మేం సూడొద్దా? గా దినం మా ముందటి వరుసల తువ్వాల కప్పుకొని కూసున్నదెవరు? తువ్వాల కప్పుకుంటె కూసునే తీరు మారుతదా?"

జకరయ్య కూర్చున్నాడు. కూర్చునే తీరు మారలేదు. శారమ్మ మళ్లీ అల్లుడివైపు తిరిగింది. ఇప్పుడు ఆమె గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ ఉంది.

"పాటను నేను ఖరాబ్ చేసిన్నా? గా డైరెక్టరే నన్ను పిలిసి, ఇటు సూసి నవ్వమ్మా, నీ నవ్వు మంచిగుంది అన్నడు. పెద్ద తీర్పు చెప్పినవ్. నా పక్కన మూడోది ఎవరో తెలుసా? హన్మవ్వ. సచ్చిపోయి ఎన్నేండ్లో ఆయె. వాళ్లింట్ల దాని ఫోటో ఒక్కటి లేదు. నీ వీడియోల జరసేపు కనబడ్డది. నిన్న పొద్దుగాల నేను కోపానికి తినలే. మల్ల సూద్దామంటె నువ్వు తీసేస్తివి, గప్పుడు ఏడుపుకు తినలే. ఊర్లె అందరి ఫోన్లల్ల ఉన్నదట. అడిగితె నా దగ్గరుంది అని ఒక్కడన్న అంటడా?"

వెనక వరుసల్లో కొంతమంది జేబుల మీద చేతులు పెట్టుకున్నారు. కిరణ్ కుమార్‌కు ఏడుపు వచ్చినంత పనైంది. చెరుకు మిగిలిందని మురిసిపోయాడు గానీ, ఆ చెరుకు కోసిన మనుషులు కూడా అందులోనే మిగిలారన్న మాట అతనికి తట్టనే లేదు. తప్పయిందన్నాడు. ఈసారి మామూలు గొంతుతోనే అన్నాడు.

శారమ్మ రెండు షరతులు పెట్టింది. క్యాసెట్టు తనకివ్వాలి. ఇంకొక వీడియో పెట్టాలి. ఆ తర్వాతే ఉంగరం అనబోయి, కూతురి మొహం చూసి, ఉంగరం ఇప్పుడే తొడగమంది. పేతురు అల్లుడి భుజం తట్టి, తెమ్మన్నోన్ని తెచ్చినవ్ గదా, మాటంటె నీదే అన్నాడు. ఠాణా సంగతి మళ్లీ ఎత్తలేదు. ఉంగరం తొడుగుతూ ఎస్తర్ మెల్లగా అడిగింది.

"గొంతు ఎట్లున్నది ఇప్పుడు?"

"తగ్గింది," అన్నాడు కిరణ్ కుమార్.

మరుసటి వారం "అటకెక్కిన సినిమా"లో కొత్త వీడియో వచ్చింది. సినిమా జోలికి పోకుండా ఒక్క చెరుకు పాటే పెట్టాడు. మూడో ఆవిడ దగ్గర చిత్రం ఆగి, చాలాసేపు అలాగే నిలిచింది. హన్మవ్వ మనవరాలు ఆ బొమ్మను ఫ్లెక్సీ దుకాణంలో పెద్దగా అచ్చువేయించుకుని పోయింది. జకరయ్య కూడా ఆ వీడియో బహిరంగంగా చూశాడు.

ఇక నటన విషయానికి వస్తే, ఎడమ నుంచి రెండో ఆవిడ నవ్వుతుండగా నాయిక రెండుసార్లు అనవసరంగా అడ్డం వచ్చి పాటను చెడగొట్టిందని కిరణ్ కుమార్ నిష్పక్షపాతంగా పేర్కొన్నాడు.