ఆదివారపు తలనొప్పి

ఆ ఆదివారం లెమ్యుయెల్ హార్‌గ్రోవ్ పెట్టుకున్న పని ఒక్కటే. చర్చిలో ప్రసంగం అయ్యేదాకా ఎలాగో మెలకువగా ఉండి, ఇంటికొచ్చి, భార్య వేయించిన కోడి తిని పడుకోవాలి. జార్జియాలో ఆ చిన్న ఊరికంతా ఆయనదొక్కటే మందుల కొట్టు. అక్కడి చట్టం ప్రకారం ఆదివారంనాడు మందు తప్ప మరేది అమ్మినా కొట్టుకు తాళం పడుతుంది. అందుకే మిగతా రోజుల్లో షర్బత్‌లు కలిపి అమ్మే సోడా యంత్రం మీద శనివారం సాయంత్రమే దుప్పటి కప్పేసేవాడు.

ఆయన చర్చికి బయలుదేరుతుండగా ముసలి బ్యూలా పాట్స్ తల పట్టుకుని కొట్టుకు వచ్చింది. తలనొప్పికి ఆయన సొంతంగా కాచిన పాకం ఒకటుంది. చేదు తెలియకుండా అందులో చక్కెర, నిమ్మతొక్క, దాల్చినచెక్క దండిగా వేశాడు. కలిపి ఇద్దామని చూస్తే కూజాలో నీళ్లు లేవు. తొందరలో దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, సోడా కలిపి ఇచ్చాడు. ఆవిడ గటగటా తాగి ఘనంగా త్రేన్చింది.

"నొప్పి తగ్గిందామ్మా?"

"దాని సంగతి తరవాత. ఇంకో గ్లాసు పొయ్యి నాయనా."

బ్యూలా నోట్లో నువ్వుగింజ నానదు. పాస్టర్ క్రమ్లీ ప్రసంగంలో మోషే ఇంకా కొండ ఎక్కకముందే సంగతి చివరి బెంచీదాకా పాకింది. ఒకరి వెనక ఒకరు తల పట్టుకుని లేచి వెళ్లిపోయారు. వాళ్ల వెనకే లెమ్యుయెల్ పరుగెత్తాడు. తన మాటలకు జనం తలలు పగులుతున్నాయేమోనని పాస్టరుగారికి మొదటిసారి అనుమానం వచ్చింది.

కొట్టు ముందు తిరునాళ్లలా ఉంది. అంత ఆరోగ్యంగా ఉన్న రోగులను లెమ్యుయెల్ ఎన్నడూ చూడలేదు. ఊళ్లో చట్టం చూసే షెరీఫ్ డాకెరీ గుర్రం దిగి లోపలికొచ్చాడు.

"ఏంటి డాక్టరూ, ఆదివారంపూట షర్బత్ కొట్టు తెరిచావా?"

"మందేనండీ బాబూ. తలనొప్పికి."

"తలనొప్పి ఉన్నోళ్లు ఇలా ఇకిలిస్తారా? తాళం తెప్పించమంటావా?"

కొట్టు పోతే బతకడానికి లెమ్యుయెల్‌కు మరో విద్య రాదు. అంతలో పాస్టరుగారే గుంపును తోసుకుంటూ వచ్చారు.

"అయ్యగారు తాగి చెప్తారు," అన్నాడు షెరీఫ్. "ఆయన నోట అబద్ధం రాదు."

పాస్టరుగారు గ్లాసు ఎత్తారు. ఆయన అడుగుదాకా తాగి, ప్రసంగంలో ఎన్నడూ వినిపించనంత గట్టిగా త్రేన్చి, ఖాళీ గ్లాసులోకి బెంగగా చూశారు.

"మందే," అన్నారు. "విన్నోళ్లకే ఇంత నొప్పి పుడితే, చెప్పినోడికి ఎంతుండాలి? ఇంకోటి పొయ్యవయ్యా."

షెరీఫ్ టోపీ తీసి, తనకూ పొద్దుటినుంచీ కణతలు లాగుతున్నాయంటూ వరసలో నిలబడ్డాడు. లెమ్యుయెల్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

తరువాతి ఆదివారం, ఎలాగూ మందు ఉంది కదా అని పాస్టరుగారు ప్రసంగం రెట్టింపు చేశారు. లెమ్యుయెల్ ఇంట్లో కోడి చల్లారిపోయింది. ఆయనతో సహా ఊరంతటికీ ఈసారి నిజంగానే తలనొప్పి పట్టుకుంది. అందరూ కొట్టుకు పోయి కడుపునిండా తాగారు.

ఆ మందు తలనొప్పికి పనిచేయదని ఊరికి తెలిసింది ఆ రోజే.