వంగిన రేఖకు రెండు మార్కులు

బొమ్మను ఉన్నదున్నట్టు దించడమే చదువు! మిగతాదంతా కాలక్షేపం. ఈ మాట బల్ల గుద్ది మరీ చెబుతున్నాను. బల్ల కాస్త పాతది కాబట్టి నెమ్మదిగా గుద్దాను, అంతే తేడా.

చెప్పడానికి నీకేం అర్హత ఉందంటారా? అయ్యా, నేను చదివింది ఊరి బడిలో, ఏడో తరగతి దాకా. కానీ ముప్ఫై ఏళ్లపాటు పరీక్షల గైడ్లకు బొమ్మలు వేశాను. కప్ప, గుండె, ఆవిరి యంత్రం, అగ్నిపర్వతం... ఏది అడిగితే అది! నేను వేసిన కప్పను ఆరబెట్టిన రోజున ప్రెస్సులో ఒక్క దోమ కనబడలేదు. ఒక ఏడు గుండె బొమ్మలో ఒక గొట్టం వెయ్యడం మర్చిపోతే, పిల్లలందరూ ఆ గొట్టం లేకుండానే ఆరోగ్యంగా పాసయ్యారు. నమ్మరా? మీ ఇష్టం.

వీటన్నిటినీ తలదన్నింది ఫిజిక్స్ గైడులోని ఒక పటం. వంపు తిరిగిన కడ్డీ మీద విద్యుదావేశం ఉంటే, దాని చుట్టూ క్షేత్ర రేఖలు ఎలా ఉంటాయి? పేరు చూసి జడుసుకోకండి. విల్లులా వంచిన ఒక కడ్డీ. దాని పొడవునా ధనావేశం సమానంగా పరుచుకుని ఉంటుంది. అక్కణ్ణుంచి బాణం గుర్తులు పెట్టుకుని గీతలు లోపలివైపుకీ బయటివైపుకీ బయలుదేరతాయి. ఎంత దూరం పోయినా ఒకదాన్నొకటి దాటవు. అంతే! నాకు తెలిసిందీ అంతే.

టీ గ్లాసు బోర్లించి దాని అంచు చుట్టూ సగం గీశాను. కడ్డీ తయారు. గీతలూ కుదిరాయి. నడిమి గీత ఒక్కటే మిగిలింది. అది కడ్డీ నట్టనడుమ పుట్టి, తిన్నగా విల్లు నోట్లోంచి బయటపడాలి. తీరా చూస్తే దాని దారికి అడ్డంగా ‘పటం 14’ అని ఒక కాగితం ముక్క అతికించి ఉంది. ప్రెస్సు ఫోర్‌మన్ చేతిచలవ!

“దాన్ని కాస్త పక్కకి జరపవయ్యా,” అన్నాను.

“జిగురు ఆరిపోయింది మాస్టారూ. మీ గీతే జరుపుకోండి. దానికేమన్నా నొప్పా?”

జరుపుకున్నాను. గీతను ఎడమవైపుకి వంచి, కాగితం పక్కగా తిప్పి, మళ్లీ దారిలో పెట్టాను. ఏటి మధ్యలో బండ పక్కనుంచి నీళ్లు పోయినట్టు ఎంత ముచ్చటగా ఉందో! నాకే దిష్టి తగులుతుందేమో అనిపించింది.

ఇక చూడండి నా వైభవం. పిల్లలు ఆ వంపును దించారు. లెక్చరర్లు దానికి కారణం కనిపెట్టారు. గాలిలో తేమ వల్ల అని ఒకాయన, భూమి తిరగడం వల్ల అని ఇంకొకాయన. పోటీ గైడు వాళ్లు నా బొమ్మను ఎత్తుకుపోయి, వంపును ఇంకాస్త సాగదీసి, ‘మరింత వివరంగా’ అని అట్ట మీద వేసుకున్నారు. కొందరు బుద్ధిమంతులైతే వంపు పక్కన ‘పటం 14’ అని కూడా రాసేవారట, ప్రశ్న నంబరు ఇరవై రెండైనా సరే! చివరికి పరీక్షల ఆఫీసు వారి జవాబుల కీలోకి ఎక్కింది: ‘నడిమి రేఖలో వంపు – రెండు మార్కులు.’

ఇందులో తప్పేముంది చెప్పండి? ఏటా లక్షమంది పిల్లలు ఒకే చోట, ఒకే పక్కకి వంగుతున్నారు. ఇంత ఐకమత్యం ఇంకెక్కడైనా చూశారా? లక్షమందీ తలో రకంగా ఆలోచిస్తే, పాపం దిద్దేవాళ్ల కళ్లద్దాలు ఏమైపోవాలి?

అంతా సజావుగా సాగుతుండగా నాకు మనవరాలు పుట్టింది. పుట్టిన పిల్ల పుట్టినట్టు ఊరుకోక ఫిజిక్సే చదువుతానంది. మంచి కాలేజీలో సీటు రావాలంటే ఈ పరీక్షలో మార్కులు కావాలి. ఒక సాయంత్రం గైడు పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

“తాతయ్యా, ఈ నడిమి గీత ఎందుకు వంగింది?”

“కరెంటు కదమ్మా. దానిష్టం.”

“అదేం మాట! కడ్డీ ఇటు సగం, అటు సగం ఒకేలా ఉంది. రెండూ సమానంగా తోస్తున్నాయి. అలాంటప్పుడు ఎడమకే ఎందుకు పోవాలి? కుడివైపేం పాపం చేసింది?”

జిగురు సంగతి చెప్పేయొచ్చు కదా? చెప్పలేదు. మా వంశం మొత్తానికి సైన్సులో ఉన్న పరువు ఆ ఒక్క వంపే మరి! “పెద్దవాళ్లు వేశారంటే ఏదో ఉండే ఉంటుందిలే,” అన్నాను. ఆ పెద్దవాడు ఎదురుగా కూర్చుని మీసం సవరించుకుంటున్నాడు.

పిల్ల పరీక్షలో గీతను తిన్నగా గీసింది. రెండు మార్కులు పోయాయి. సీటుకు సరిగ్గా ఒక్క మార్కు తగ్గింది. జవాబుపత్రం నకలు తెప్పించుకుంటే ఎర్ర సిరాతో రెండే మాటలు: ‘వంపు లేదు.’

అప్పుడు నోరు విప్పాను. “ఆ బొమ్మ నాదేనే తల్లీ. అక్కడ కాగితం అడ్డమొచ్చింది.”

నకలు మడిచి గైడులో పెట్టింది. “ముందే చెప్పుంటే బావుండేది తాతయ్యా.”

“చెప్తే వంచేదానివా?”

“వంచేదాన్ని కాదు. నాకే బుర్ర లేదేమో అని మూడు వారాలు ఏడవకుండా ఉండేదాన్ని.”

మర్నాడే ఉతికిన చొక్కా తొడుక్కుని పరీక్షల ఆఫీసుకు వెళ్లాను. నేనెవరో చెప్పగానే అక్కడి అధికారి లేచి నిలబడ్డారు. “పటం పద్నాలుగు మీదా! ఆ వంపు పుణ్యమా అనే నేను గట్టెక్కానండీ!” కుర్చీ వేయించారు, మంచినీళ్లు తెప్పించారు. నాకు ఒళ్లు పొంగిపోయింది. ఎందుకొచ్చానో ఒక నిమిషం మర్చిపోయాను కూడా.

“అది తప్పండీ. గీత తిన్నగా పోవాలి,” అన్నాను చివరికి.

“మీకు ఫిజిక్స్ తెలుసా?”

“బొత్తిగా తెలియదు.”

“తెలియనివారి మాట మీద కీ ఎలా మారుస్తామండీ?”

“తెలియనివాడి బొమ్మ మీద కీ ఎలా కట్టారు మరి?”

“అది అచ్చయింది కదండీ!”

దీనికి మీ దగ్గరేమైనా జవాబుందా? ఆయన మంచివాడు, గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. “వచ్చే నెలలో మళ్లీ రాసే అవకాశం ఉందిగా. మీ పాపకి ఆ వంపు మీరే దగ్గరుండి నేర్పండి. మీకంటే బాగా ఎవరు నేర్పుతారు?”

నేర్పాను.

వంపు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత తిప్పాలో, ఎక్కడ దారిలోకి తేవాలో, అన్నీ. పిల్ల మారు మాట్లాడకుండా నా కంటే నున్నగా వంచింది. రెండు మార్కులూ వచ్చాయి. సీటూ వచ్చింది. ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నాం!

ఇప్పుడు రోజూ కాలేజీకి వెళ్లొస్తోంది. కొత్త పుస్తకాల నిండా బొమ్మలే. నేనే వాటిని ఒళ్లో పెట్టుకుని, ఈ గీత ఇటెందుకు తిరిగింది, ఆ బాణం అటెందుకు పోయిందని గుచ్చి గుచ్చి అడుగుతున్నాను. తల కూడా ఎత్తదు.

“అలా ఉంటే అలా గీసెయ్యడమే తాతయ్యా. మనకెందుకు?” అంటుంది.